గాఢాంధకారంలో దేవుడు: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

సీనాయి కొండ మీద మోషే ప్రవేశించిన గాఢాంధకారాన్ని నాలుగో శతాబ్దపు నిస్సా గ్రెగొరీ ఎలా వ్యాఖ్యానించాడో గత సంచికలో క్లుప్తంగా రాశాం. దేవుడు ఇట్టివాడు అనడం కంటే ఇట్టివాడు కాడు అనడమే ఆయనకు తగిన మాట అని తొలినాటి క్రైస్తవులలో కొందరు ఎందుకు అనుకున్నారన్నది అందులోని విషయం. దాని మీద వచ్చిన ఉత్తరాలలో ఒకే సందేహాన్ని వేర్వేరు మాటలలో అడిగినవాటిని కలిపి, ఆరింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం.

ప్రశ్న: మా ఇంట్లో మూడు తరాలుగా రోజూ కుటుంబ ప్రార్థన జరుగుతోంది. మేము తండ్రీ అని, కాపరీ అని పిలిచే దేవుణ్ణి ‘ఎవరికీ తెలియనివాడు’ అనడం నాకు అవిశ్వాసంలాగే తోచింది. సంఘ పితరులు ఆ మాట ఎలా అనగలిగారు? (ఒక పాఠకురాలు, గుంటూరు)

సమాధానం: మీ సందేహం న్యాయమైనదే. అయితే ఆ మాటను వారు ఎవరికి జవాబుగా అన్నారో తెలిస్తే అది వేరే రకంగా వినబడుతుంది. దేవుడు లేడన్నవారితో వాదిస్తూ అన్న మాట కాదది. దేవుడు తనకు పూర్తిగా తెలుసునన్న ఒక క్రైస్తవ పండితుడితో వాదిస్తూ అన్నది.

ఆ పండితుడి పేరు యునోమియస్. నేటి తుర్కియే దేశపు నడిభాగంలోని కప్పదొకియ అతని సీమ. 360 ప్రాంతంలో సిజికస్ పట్టణానికి బిషప్ అయ్యాడు. దేవుని స్వరూపాన్ని ఒకే ఒక గ్రీకు మాట ఉన్నది ఉన్నట్టు చెప్పగలదని అతని సిద్ధాంతం. ఆ మాట ‘అజెన్నెతోస్’, అంటే జన్మలేనివాడు. తండ్రి జన్మలేనివాడు, కుమారుడైన క్రీస్తు జనించినవాడు, కాబట్టి ఇద్దరి స్వరూపం ఒకటి కానేరదని అతని తర్కం సాగుతుంది. దేవునికి తన స్వరూపాన్ని గురించి మనకంటే ఎక్కువేమీ తెలియదని కూడా అతడు అన్నట్టు ఐదో శతాబ్దపు సంఘ చరిత్రకారుడు సోక్రటీసు (ఏథెన్సు తత్త్వవేత్త కాదు, అదే పేరు గల మరొకరు) రాశాడు. ప్రత్యర్థి మాటను కాస్త పెంచి చెప్పడం ఏ కాలంలోనైనా ఉన్నదే కనుక దాన్ని యునోమియస్ సొంత వాక్యంగా తీసుకోనక్కరలేదు. అతని తర్కాన్ని చివరిదాకా లాగితే చేరేది మాత్రం అక్కడికే.

అదే కప్పదొకియకు చెందిన బాసిల్ 364 ప్రాంతంలో అతనికి జవాబు రాశాడు. బాసిల్ చనిపోయాక యునోమియస్ మళ్లీ కలం పట్టడంతో, 380 తరువాత బాసిల్ తమ్ముడైన నిస్సా గ్రెగొరీ ఆ వాదాన్ని కొనసాగించాడు. వారు చూపిన మొదటి లోపం చాలా సూటిగా ఉంటుంది: ‘జన్మలేనివాడు’ అన్నది దేవునికి ఏమి లేదో చెప్పే మాట, ఏమి ఉందో చెప్పే మాట కాదు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. యునోమియస్ వాడినది కూడా నిషేధమే. మాటకు ముందు ఒక ‘అ’ చేర్చినంత మాత్రాన ఎవరూ దేవుడు ఇట్టివాడు కాడనే ఈ మార్గంలోకి రారు. ఆ నిషేధంతో దేవుణ్ణి పట్టేశామనుకుంటే నిషేధం కూడా ఒక వల అవుతుంది. తర్వాత గ్రెగొరీ ఒక ఎత్తిపొడుపు విసురుతాడు. ఉన్న సమస్తపు సారం తెలిసిందనేవాడు ముందు చీమ సంగతి చెప్పాలి, అది ఊపిరి పీలుస్తుందా, దాని ఒంట్లో ఎముకలు ఉన్నాయా అని నిలదీస్తాడు. కాళ్ల కింద పాకే ప్రాణిలోపల ఏముందో చెప్పలేనివాడు దానిని చేసినవాడి లోపల ఏముందో ఎలా చెబుతాడన్నది ఆయన ప్రశ్న.

ఈ తగవు పండితుల గదులలోనే ఉండిపోలేదు. కాన్‌స్టాంటినోపుల్ నగరంలో రొట్టె ధర ఎంతని అడిగితే తండ్రి గొప్పవాడు, కుమారుడు తక్కువవాడు అంటారనీ, స్నానానికి నీళ్లు సిద్ధమేనా అంటే కుమారుడు శూన్యం నుంచి కలిగాడంటారనీ గ్రెగొరీ ఒక ప్రసంగంలో విసుక్కున్నాడు. 386లో అంతియొకయలో, ఇంకా బిషప్ కాని జాన్ క్రిసోస్తమ్ ఇదే విషయం మీద వరుసగా ప్రసంగాలు చేశాడు. దేవుని సింహాసనం ముందు సెరాపులనే దేవదూతలే రెక్కలతో ముఖం కప్పుకుంటుంటే మనుషులు కొలబద్ద పట్టుకుని బయలుదేరడమేమిటని ఆయన అడిగాడు. ఆ ప్రసంగాలు చదివినవారికి అందులో సంశయం కనబడదు; భయభక్తులే కనబడతాయి.

ఇక మీరు పిలిచే పేర్ల సంగతి. బాసిల్ ఒక లేఖలో చేసిన విభజన ఇక్కడ ముఖ్యం: దేవుని క్రియలు మన దాకా దిగివస్తాయి, వాటి ద్వారా ఆయనను ఎరుగుదుము, ఆయన సారం మాత్రం మన అందుబాటుకు అవతలే ఉంటుంది. కాపరి, బండ, వెలుగు అనే పేర్లన్నీ ఆయన మనపట్ల చేసినవాటి నుంచి పుట్టినవి, కనుక అవి అబద్ధం కావు. ‘తండ్రి’ అనేది వాటికంటే లోతైనది. అది సారాన్ని చెప్పే పేరూ కాదు, క్రియను చెప్పే పేరూ కాదు, బంధాన్ని చెప్పే పేరు అని బాసిల్ మిత్రుడు నజియాంజస్ గ్రెగొరీ వివరించాడు. అమ్మా అని పిలిచే పిల్లవాడికి తల్లి గురించి తెలిసినది బహు స్వల్పం, అయినా ఆ పిలుపులో తప్పు లేదు. మీ కుటుంబ ప్రార్థనలో ఒక్క మాట కూడా మార్చుకోమని ఈ పితరులు మిమ్మల్ని అడిగి ఉండేవారు కారు.

ప్రశ్న: ‘దేవుడు వెలుగై యున్నాడు, ఆయనయందు చీకటి ఎంతమాత్రమును లేదు’ అని యోహాను పత్రిక చెబుతుండగా, గ్రెగొరీ దేవుణ్ణి చీకటిలో వెదకడమేమిటి? పోతన గజేంద్రుడు సైతం పెంజీకటికి అవ్వల వెలిగేవాణ్ణే కొలిచాడు కదా! (ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, ఖమ్మం)

సమాధానం: ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టినది మీదే.

ముందు పోతన. లోకాలు, లోకేశులు, లోకస్థులు అంతా తెగిపోయిన తుదిని, పెంజీకటికి అవ్వల ఏకాకృతిగా వెలిగేవాడు అక్కడి దైవం. శ్వేతాశ్వతరోపనిషత్తు ‘తమసః పరస్తాత్’ అన్న దారి అది: చీకటి ఒక హద్దు, దాని అవతల వెలుగు. క్రైస్తవులలోనూ గ్రెగొరీకి ముందు నడిచినది ఎక్కువగా ఆ దారే. మూడో శతాబ్దంలో అలెక్సంద్రియకు చెందిన ఓరిజెన్ దృష్టిలో ఆత్మ ప్రయాణం వెలుగు నుంచి మరింత వెలుగులోకి సాగుతుంది. చీకటి మన అజ్ఞానం, తొలగవలసినది. సామెతలు, ప్రసంగి, పరమగీతము అనే మూడు గ్రంథాలను ఆయన మూడు మెట్లుగా పేర్చాడు. సామెతలు నడవడిని దిద్దుతాయి, ప్రసంగి లోకపు వస్తువుల స్వభావాన్ని, వాటి నిలకడలేమిని తెలియజేస్తుంది, పరమగీతము దైవదర్శనానికి చేరుస్తుంది. మెట్టు ఎక్కేకొద్దీ వెలుగు పెరగాలి.

గ్రెగొరీ ఈ వరుసను తిప్పివేశాడు. వృద్ధాప్యంలో రాసినదిగా పండితులు ఎంచే ‘మోషే జీవితం’లోనూ, పరమగీతము మీది 15 ప్రసంగాలలోనూ ఆయన మోషే కథను బైబిలు చెప్పిన క్రమంలోనే చదివాడు. మొదట మండే పొద దగ్గర వెలుగు. తరువాత మేఘం. చివరన, ప్రజలు దూరంగా నిలిచి ఉండగా, ‘దేవుడున్న ఆ గాఢాంధకారము’. నిర్గమకాండము 20వ అధ్యాయంలోని ఈ మాటను మొదట పట్టుకున్నది గ్రెగొరీ కాదు. యేసు కాలంలోనే అలెక్సంద్రియలో జీవించిన యూదు తత్త్వవేత్త ఫిలో. ఆ చీకటి కంటికి ఆనని, రూపంలేని సన్నిధి అని ఆయన అన్నాడు. గ్రెగొరీ దాన్ని ప్రయాణపు శిఖరంగా చేశాడు. దేవుణ్ణి వెదికే మనస్సు మొదట ఇంద్రియాలకు తెలిసినవాటిని, ఆ పైన బుద్ధికి తోచినవాటిని కూడా దాటి లోలోపలికి పోగా, చివరికి ‘చూడకపోవడమే చూడడం’ అయ్యే చోటికి చేరుతుందని రాశాడు. వెదకినది అన్ని వైపులా అగ్రాహ్యత, అంటే బుద్ధి పట్టుకు అందకపోవడం, అనే చీకటితో కంచె కట్టినట్టు ఉంటుందట. గ్రాహ్యమైన ఏదో ఒక ఊహను బట్టి దేవుడు ఇంతేనని మనస్సు నిర్మించుకున్న ప్రతి భావమూ దేవుణ్ణి ప్రకటించదు, ఒక విగ్రహాన్ని చేసిపెడుతుందని కూడా అక్కడే అన్నాడు. విగ్రహాలంటే రాతివీ చెక్కవీ మాత్రమే అనుకునే మనకు ఇది కొంచెం ఇబ్బంది కలిగించే వాక్యం.

ఇప్పుడు మీ యోహాను. గ్రెగొరీ ఈ చీకటికి పెట్టిన పేరు ‘ప్రకాశించే చీకటి’. ఆ చీకటిలోకి చొరబడినవాడిగా ఆయన సాక్ష్యానికి పిలిచినది యోహానునే! ‘ఎవడును ఎప్పుడైనను దేవుని చూడలేదు’ అన్నదీ ఆ యోహానే కదా అని ఆయన వాదం. దేవునిలో చీకటి ఉందని గ్రెగొరీ ఎక్కడా అనలేదు. కాలానికి తగిన ఉపమానం కాకపోయినా ఒకటి చెబుతాము: మధ్యాహ్నపు సూర్యుణ్ణి నేరుగా చూసినవాడికి కళ్లు చీకట్లు కమ్ముతాయి, దోషం సూర్యుడిది కాదు. ఇది మా ఉపమానమే. గ్రెగొరీ దీన్ని పూర్తిగా ఒప్పుకునేవాడు కాడేమో, ఎందుకంటే అలవాటు పడితే కన్ను తట్టుకుంటుందన్న ఆశ ఈ ఉపమానంలో మిగిలి ఉంది. ఆయన మాత్రం ఎంత ఎదిగినా, పరలోకంలో సైతం, ఆ అగ్రాహ్యత తొలగేది కాదన్నాడు.

ఇందుకు కారణమే ఆయన చేసిన అసలు కొత్త పని. దేవుడు అనంతుడు, అంటే హద్దు లేనివాడు. హద్దు లేనిదాని వైపు సాగే ప్రయాణానికీ హద్దు ఉండదు. ఆత్మలు దేవుని సన్నిధిలో వెగటు పుట్టి జారిపోయాయని ఓరిజెన్ ఊహించాడు. అనంతుడి దగ్గర ఆ వెగటుకు చోటే లేదని గ్రెగొరీ తేల్చాడు. ‘వెనుక ఉన్నవి మరచి ముందున్న వాటికొరకై వేగిరపడుచు’ అని పౌలు ఫిలిప్పీయులకు రాసిన మాటే దీనికి ఆధారం. మోషే దేవుని ముఖం చూపమన్నప్పుడు ‘నా వెనుక పార్శ్వమును చూచెదవు’ అన్న జవాబును గ్రెగొరీ చదివిన తీరు చూడండి. దారి చూపేవాడి వెంట నడిచేవాడికి కనబడేది ఆయన వీపే. ముఖం కనబడిందంటే ఎదురు నడుస్తున్నాడన్న మాట. కాబట్టి దేవుణ్ణి చూడడమంటే ఆయన వెంట పోవడం. పోతన చీకటి దాటవలసిన చీకటి, గ్రెగొరీ చీకటి నడవవలసిన చీకటి. రెండింటినీ ఒకటి చేయడం కంటే ఈ తేడాను తేడాగానే ఉంచుకుని చదవడం మాకు ఇష్టం.

ప్రశ్న: ‘అపోఫాటిక్’ అనే మాటకు సరైన తెలుగు ఏమిటి? (ఒక వేదాంత విద్యార్థి, రాజమహేంద్రవరం)

సమాధానం: గ్రీకులో ‘అపోఫాసిస్’ అంటే కాదనడం, ‘కటాఫాసిస్’ అంటే ఔననడం. ‘నకారాత్మక’ అనే మాట పుస్తకాలలో కనబడుతుంది గాని, ఇవాళ్టి వాడుకలో అది నిరాశ కలిగించే ఆలోచన అనే అర్థం వైపు ఒరిగిపోయింది. ‘నిషేధ మార్గం’ అంటే అర్థమవుతుంది, కాని ఎవరో ఏదో చేయకూడదన్నట్టు కూడా వినబడుతుంది. ఈ శీర్షికలో మేము ‘కాదనే మార్గం’ అని వాడుతున్నాం. ఇంతకంటే మంచిది మీకు తోస్తే రాయండి.

ప్రశ్న: ఇదంతా మన ‘నేతి నేతి’యే కదా! అలెక్సంద్రియ రేవు నుంచి మన దేశానికి ఓడలు నడిచిన రోజులలో ఉపనిషత్తుల భావమే అక్కడికి చేరి ఉండవచ్చు గదా? (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

సమాధానం: రాకపోకలు ఉన్నమాట నిజం. అలెక్సంద్రియ క్లెమెంటు రెండో శతాబ్దం చివర తన ‘స్ట్రోమాటా’లో బుద్ధుణ్ణి పేరుతో సహా ప్రస్తావించాడు. ఆయన గురువు పంతైనస్ ఇండియాకు వెళ్లాడని సంఘ చరిత్ర రాసిన యూసేబియస్ చెబుతాడు. నవీన ప్లేటోవాదానికి మూలపురుషుడైన ప్లొటైనస్ పారసీకుల, భారతీయుల తత్త్వం తెలుసుకోవాలని 243లో రోమన్ చక్రవర్తి మూడో గోర్డియన్ దండయాత్ర వెంట బయలుదేరాడు. చక్రవర్తి దారిలోనే చనిపోవడంతో ప్లొటైనస్ ప్రాణాలు దక్కించుకుని అంతియొకయకు పారిపోయాడు. అంటే ఆయన ఇక్కడిదాకా రానేలేదు. ఈ వివరాలు ఆసక్తికరమైనవే గాని, ఇవి అప్పు తెచ్చుకున్నట్టు రుజువు చేయవు. అప్పు అవసరమూ లేదు, ఎందుకంటే వారికి కావలసిన సరుకు ఇంట్లోనే ఉంది. ప్లేటో ‘పర్మెనిడీస్’ సంభాషణలో ఏకానికి పేరు లేదు, దాన్ని గురించిన జ్ఞానం లేదు అనే వాదం ఉంది. క్లెమెంటు చెప్పిన పద్ధతి చూస్తే అది గ్రీకు క్షేత్రగణితమని తెలిసిపోతుంది: వస్తువు నుంచి లోతు తీసివేయండి, వెడల్పు తీసివేయండి, పొడవు తీసివేయండి, ఒక బిందువు మిగులుతుంది, దానికున్న స్థానాన్ని కూడా తీసివేస్తే కేవలం ఏకత్వం తోస్తుంది. అక్కడి నుంచి ముందుకు పోతే దేవుడు ఏమిటో కాదు, ఏమి కాడో తెలుస్తుందని ఆయన ముగింపు.

ఇక రెండూ ఒకటేనా అన్నది. బృహదారణ్యకోపనిషత్తులోని ‘నేతి నేతి’కి మన దేశంలోనే ఒక అర్థం లేదు. శంకరుల వ్యాఖ్యలో అది ఉపాధులన్నిటినీ (బ్రహ్మానికి పైనుంచి అంటగట్టే పరిమితులను) తోసివేసి నిర్విశేషమైన, అంటే ఏ గుణమూ లేని, బ్రహ్మాన్ని మిగులుస్తుంది, ఆ బ్రహ్మం ఆత్మకు వేరు కాదు. రామానుజులు శ్రీభాష్యంలో దీన్ని వేరుగా చదివారు: అక్కడ కాదన్నది గుణాలను కాదు, ‘ఇంతే’ అనే పరిమితిని. తెలుగులో చెప్పాలంటే ఒకరిది ‘ఇది కాదు’, మరొకరిది ‘ఇంతే కాదు’. గ్రెగొరీ అనంతత్వాన్ని గురించి చెప్పినది ఈ రెండో దానికి చేరువగా ఉందని మా అభిప్రాయం. మంచివాడని ఆయన దేవుణ్ణి అంటాడు, ఆ మంచికి హద్దు గీయడాన్నే కాదంటాడు. మొదటిదానితో మాత్రం పెద్ద దూరం ఉంది. ఈ క్రైస్తవుల దృష్టిలో సృష్టికర్తకూ సృష్టికీ నడుమ ఉన్న ఎడం ఎన్నటికీ పూడేది కాదు. ఆత్మ దేవునితో ఏకమవుతుంది గాని, దేవుని సారంగా మారదు. పోలిక కనబడిన ప్రతిచోటా అప్పు ఉందనుకోవడం మన దేశాభిమానానికి తృప్తి ఇవ్వవచ్చు, ఇరువైపుల వారి ఆలోచనకూ న్యాయం చేయదు.

ప్రశ్న: అపొస్తలుల కార్యములలో కనబడే దియొనూసియే ఈ మార్గం మీద గ్రంథం రాశాడని ఒక పాత పుస్తకంలో చదివాను. నిజమేనా? అందులో ఏముంది? (ఒక పాఠకుడు, డల్లాస్)

సమాధానం: నిజం కాదు. కాని వెయ్యేళ్లకు పైగా అది నిజమని క్రైస్తవ లోకంలో చాలామంది నమ్మారు.

ఏథెన్సులో ‘తెలియబడని దేవునికి’ అని రాసి ఉన్న బలిపీఠాన్ని చూపించి పౌలు ప్రసంగించాక విశ్వసించినవారిలో ‘అరేయొపగీతుడైన దియొనూసియు’ ఒకడు. ఆరో శతాబ్దం ఆరంభంలో అతని పేరుతో గ్రీకులో కొన్ని గ్రంథాలు, పది లేఖలు వెలుగులోకి వచ్చాయి. 532లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన ఒక చర్చలో ఒక పక్షం వాటిని ప్రమాణంగా చూపగా, ఎఫెసు బిషప్ హైపాటియస్ అభ్యంతరం చెప్పాడు: ఇవి అంత పాతవే అయితే అంతకు ముందరి అలెక్సంద్రియ బిషప్పులు అథనాసియస్, సిరిల్ వంటివారికి ఎందుకు తెలియలేదు? చాలా మంచి ప్రశ్న. దానికి ఎవరూ సరిగా జవాబివ్వకుండానే ఆ గ్రంథాలు ప్రామాణ్యం సంపాదించుకున్నాయి. 827లో బైజాంటియన్ చక్రవర్తి రెండో మైకేల్ ఒక ప్రతిని ఫ్రాంకుల రాజు లూయీకి కానుకగా పంపాడు. అక్కడి సెయింట్ డెనీ మఠంవారు తమ మఠానికి పేరిచ్చిన పారిస్ హతసాక్షే ఈ దియొనూసియు అని చెప్పుకున్నారు. పన్నెండో శతాబ్దంలో తత్త్వవేత్త అబెలార్డు ఆ మఠంలోనే ఉంటూ ఆ కథను శంకించి చిక్కుల్లో పడ్డాడు. పదిహేనో శతాబ్దంలో లొరెంజో వల్లా, ఆ తరువాత ఎరాస్మస్ అనే పండితులు సందేహాలు లేవనెత్తారు. చివరకు 1895లో హూగో కోఖ్, యోసెఫ్ స్టిగ్ల్‌మాయర్ అనే ఇద్దరు జర్మన్ పండితులు, ఎవరి దారిన వారు, ఈ గ్రంథాలలో చెడును గురించిన భాగం 485లో మరణించిన ఏథెన్సు తత్త్వవేత్త ప్రోక్లస్ రచన మీద ఆధారపడినదని చూపించారు. దానితో కాలం తేలింది. రచయిత పేరు నేటికీ తేలలేదు. సిరియా ప్రాంతపువాడని ఎక్కువమంది ఊహ.

దీన్ని మోసమని కొట్టివేయడం సులువు. అయితే ‘తెలియబడని దేవుడు’ అన్న మాట విని పౌలును వెంబడించినవాడి పేరును ఎంచుకోవడంలో ఈ అజ్ఞాత రచయిత ఉద్దేశం కనబడుతూనే ఉంది.

ఇక గ్రంథాలు. ‘దైవనామాలు’ 13 అధ్యాయాలు, మంచివాడు, ఉన్నవాడు, జీవం, జ్ఞానం వంటి పేర్ల మీద నడుస్తుంది. ‘మార్మిక దైవశాస్త్రం’ అయిదే అయిదు చిన్న అధ్యాయాలు, కొన్ని పుటలు మాత్రమే. ఈ కురచతనానికి రచయిత కారణం చెబుతాడు: దేవుణ్ణి గురించి ఔనని చెప్పేటప్పుడు పైనుంచి కిందికి దిగుతాం, దిగేకొద్దీ మాటలు విస్తరిస్తాయి, కాదని చెప్పేటప్పుడు కిందినుంచి పైకి ఎక్కుతాం, ఎక్కేకొద్దీ మాటలు కుంచించుకుపోయి చివరకు మౌనమే మిగులుతుంది. శిల్పి రాతిలో అడ్డుగా ఉన్నదాన్ని చెక్కి తీసివేస్తే లోపల దాగిన రూపం బయటపడినట్టు, కాదనడం కూడా ఒక స్తుతి అంటాడు. నాలుగో అధ్యాయంలో దేవుడు శరీరం కాడు, రూపం కాడు, బరువు కాడు అని ఇంద్రియాలకు తెలిసినవి తొలగుతాయి. వాటితో ఎవరికీ పేచీ లేదు. అయిదో అధ్యాయంలో ఊపిరి బిగబట్టవలసి వస్తుంది. ఆత్మ కాడు, మనస్సు కాడు, చీకటి కాడు, వెలుగు కాడు, మనకు తెలిసిన పుత్రత్వమూ పితృత్వమూ కాడు. అంతటితో ఆగకుండా, ఆయన అన్ని ఔనులకూ అన్ని కాదులకూ కూడా అతీతుడని చివరి వాక్యం కాదనడాన్ని సైతం కాదంటుంది. యునోమియస్ విషయంలో మొదటి సమాధానంలో మేమన్న మాట ఇక్కడ పూర్తవుతుంది.

ఈ రచయితలో మాకు ఎక్కువ నచ్చిన భాగం వేరొకటి ఉంది. దేవుణ్ణి గురించి ఉన్నతమైన ఉపమానాల కంటే నీచమైన ఉపమానాలే క్షేమమని ‘పరలోక శ్రేణులు’ రెండో అధ్యాయంలో అంటాడు. వెలుగు అంటే దేవుడు నిజంగా ఒక రకమైన వెలుగేమోనని మనస్సు అక్కడే ఆగిపోవచ్చు. కీర్తనలో ‘నేను పురుగును’ అన్న మాటను దేవునికి వర్తింపజేస్తే ఎవడూ దాన్ని అక్షరాలా నమ్మడు, కనుక పోలికను దాటి ముందుకు పోక తప్పదు. ఉపమానం ఎంత అందంగా ఉంటే అంత ప్రమాదమన్న ఈ హెచ్చరిక కవులకూ ప్రసంగీకులకూ పనికివస్తుంది, మాకు కూడా.

ఇదంతా ఒంటరి ధ్యానిని ఉద్దేశించినదని అనుకోవద్దు. ఇదే రచయిత బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం, అభిషేక తైలం మీద మరో గ్రంథం రాశాడు. శుద్ధి, ప్రకాశం, ఏకత్వం అనే మూడు దశలు ఆయనకు మొదట ఆరాధనలో జరిగేవి. మోషే కూడా ముందు తనను శుద్ధి చేసుకుని, బూరల ధ్వని విని, యాజకులతో కలిసి కొండ ఎక్కి, ఆ తరువాతే చీకటిలో ప్రవేశించాడు.

ప్రశ్న: కళ్లు మూసుకుంటే నాకు చిన్నప్పటి ఆదివారపు బడి బొమ్మలోని యేసు ముఖమే కనబడుతుంది. ఏ రూపమూ లేకుండా ప్రార్థించాలంటే నావల్ల అవుతుందా? (ఒక పాఠకురాలు, ఏలూరు)

సమాధానం: ఇది పదహారు వందల ఏళ్ల నాటి ప్రశ్న, ఐగుప్తు ఎడారిలో కన్నీళ్లతో అడిగినది.

నల్ల సముద్ర తీరపు పొంతులో పుట్టి, నజియాంజస్ గ్రెగొరీ దగ్గర డీకనుగా పనిచేసి, తరువాత ఐగుప్తు సన్యాసుల మధ్య స్థిరపడి 399లో మరణించిన ఎవాగ్రియస్ ‘ప్రార్థన’ అనే పుస్తకాన్ని 153 చిన్న సూక్తులుగా రాశాడు. పేతురు వల లాగినప్పుడు పడిన చేపల లెక్క అది. ప్రార్థించేటప్పుడు దైవానికి నీలో ఏ రూపమూ కల్పించుకోకు, మనస్సు మీద ఏ ముద్రా పడనీయకు అని అందులో ఉంటుంది. నిజంగా ప్రార్థించేవాడే దైవశాస్త్రజ్ఞుడన్న సూక్తి కూడా అక్కడిదే. చదువుకున్న సన్యాసులకు ఇది నచ్చింది. మిగతావారిలో చాలామంది, ‘మన స్వరూపమందు’ నరుణ్ణి చేశాడన్న వాక్యాన్ని బట్టి, దేవునికి మనిషి ఆకారం ఉందని తలచి ప్రార్థించేవారు. 399లో అలెక్సంద్రియ బిషప్ థియోఫిలస్ తన వార్షిక లేఖలో ఈ తలంపును ఖండించడంతో మఠాలలో గొడవ రేగింది.

అప్పుడు అక్కడే ఉన్న జాన్ కాసియన్ తరువాత తన ‘సంభాషణలు’ పదో భాగంలో ఒక సంగతి రాశాడు. సెరాపియన్ అనే ముసలి సన్యాసి, కఠోర జీవితం గడిపినవాడు, ఈ కొత్త బోధను చాలాకాలం ఒప్పుకోలేదు. కప్పదొకియ నుంచి వచ్చిన ఫొటైనస్ అనే డీకను లేఖనాలు విప్పి చెప్పాక ఒప్పుకున్నాడు. అందరూ సంతోషించి దేవునికి కృతజ్ఞతలు చెల్లించడానికి లేచారు. ప్రార్థన మధ్యలో ఆ వృద్ధుడు తనకు అలవాటైన రూపం మనస్సులో దొరకక, నేలమీద పడి వెక్కివెక్కి ఏడ్చాడు: నా దేవుణ్ణి నా దగ్గర నుంచి తీసుకుపోయారు, ఇప్పుడు పట్టుకోవడానికి నాకెవరూ లేరు, ఎవరిని మొక్కాలో తెలియడం లేదు.

కాదనే మార్గం మీద ఎన్ని పుటలు రాసినా ఈ ఏడుపుకు లెక్క చెప్పకుండా రాయడం మాకు న్యాయంగా తోచదు. కాసియన్ కూడా దాన్ని దాచలేదు. ఆ సంఘటన చూసి కలవరపడి, అతడూ మిత్రుడు జెర్మానుసూ అబ్బా ఇసాకు అనే పెద్ద సన్యాసి దగ్గరికి వెళ్లి, మరి మనస్సును దేని మీద నిలపాలని అడిగారు. ఇసాకు రూపం ఇవ్వలేదు, శూన్యమూ ఇవ్వలేదు. కీర్తనల నుంచి ఒక్క వచనం ఇచ్చాడు. సుఖంలోనూ ఆపదలోనూ, పనిలోనూ ప్రయాణంలోనూ, నిద్రకు ఒరిగేటప్పుడూ లేచేటప్పుడూ దాన్ని విడవవద్దన్నాడు. మీకు కనబడే ముఖాన్ని బలవంతంగా చెరిపివేయమని మేము చెప్పము. ఆ వచనాన్ని పట్టుకుని ఉండండి, ముఖం ఉండవలసినంత కాలం ఉంటుంది. 70వ కీర్తన మొదటి వచనం అది: ‘దేవా, నన్ను విడిపించుటకు త్వరగా రమ్ము, యెహోవా, నా సహాయమునకు త్వరగా రమ్ము.’